పడవలో పెట్రోల్, డీజిల్ ఇంజన్ల మైలేజీని సరిగ్గా పోల్చడం ఎలా

ఒక ఏప్రిల్ నెల ఉదయాన నేనూ మా బావగారూ చెన్నై హార్బర్ నుంచి చెరొక పడవలో బయలుదేరాము. నాది పెట్రోల్ ఇంజన్, ఆయనది డీజిల్. రెండూ 28 అడుగుల పడవలే, రెండూ ఒకే అచ్చులో పోసిన ఫైబర్ పడవలే. నేను ఉత్తరంగా ఎన్నూరు వైపు వెళ్ళాను, ఆయన దక్షిణంగా నీలాంకరై వైపు వెళ్ళారు. ఒడ్డుకు వచ్చాక లెక్క చూసుకుంటే నా పడవ నాటికల్ మైలుకు (సముద్రం మీద దూరాన్ని కొలిచే మైలు, ఇకపై మైలు అన్నా ఇదే) 0.86 లీటర్లు, ఆయనది 0.72 లీటర్లు తాగినట్లు తేలింది. ఇంత కొద్ది తేడాకు డీజిల్ ఇంజన్ మీద అన్ని లక్షలు ఎక్కువ పెట్టడం దండగని నేను గట్టిగా చెప్పాను. ఆ మాట నమ్మి మా బంధువు ఒకరు పెట్రోల్ పడవ కొన్నారు. ఆయన వారం వారం వేగంగా, దూరంగా తిరిగే మనిషి.

ఆ లెక్క తప్పు. వేసవిలో మన తీరం వెంట నీరు ఉత్తరంగా నడుస్తుంది. ఆ రోజు అది సుమారు ఒక నాట్ (గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో నడుస్తోంది. నీటిలో మా ఇద్దరి వేగమూ 6 నాట్లే అయినా, ప్రవాహం నన్ను ముందుకు తోసి 7 నాట్లు చేసింది, ఆయనను వెనక్కి లాగి 5 నాట్లకు దించింది. ప్రవాహాన్ని తీసివేసి చూస్తే నా పడవది మైలుకు 1 లీటరు, ఆయనది 0.6 లీటరు. 16 శాతం అనుకున్న తేడా నిజానికి 40 శాతం. నా తొందరపాటుకు ఆ బంధువు ఏటా పెట్రోల్ బిల్లు రూపంలో మూల్యం చెల్లిస్తున్నారు. మీరు పడవ కొనబోతున్నా, ఉన్న పడవకు ఇంజన్ మార్చబోతున్నా ఆ పొరపాటు చేయకుండా ఉండేందుకే ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ముందు ప్రశ్నను సరిగ్గా వేసుకోండి

అమ్మేవారు సాధారణంగా గంటకు ఇన్ని లీటర్లని చెబుతారు. ఆ సంఖ్య ఒక్కటే ఉంటే ఏ నిర్ణయానికీ రాలేము, ఎందుకంటే ఒక పడవ ఆ గంటలో 12 మైళ్ళు, మరొకటి 20 మైళ్ళు పోయి ఉండవచ్చు. మీకు కావలసింది మీరు నిజంగా నడిపే వేగంలో, మీరు నిజంగా మోసే బరువుతో, ఒక్క నాటికల్ మైలుకు ఎన్ని రూపాయలు ఖర్చవుతాయన్నది. నాటికల్ మైలు అంటే 1852 మీటర్లు, గంటకు ఒక నాటికల్ మైలు పోతే అది ఒక నాట్. కాబట్టి గంటకు లీటర్లను నాట్లతో భాగిస్తే మైలుకు లీటర్లు వస్తాయి, వాటిని లీటరు ధరతో గుణిస్తే మైలుకు రూపాయలు వస్తాయి.

రెండవ జాగ్రత్త ఏమిటంటే, వేర్వేరు ఆకారాల పడవల మీద ఉన్న ఇంజన్లను పోల్చి ఇంజన్ల గురించి తీర్పు చెప్పకండి. అలా పోల్చినప్పుడు మీరు కొలుస్తున్నది పడవల అడుగు ఆకారాన్నీ, బరువునీ. ఒకే అచ్చు పడవలో రెండు రకాల ఇంజన్లు దొరికితేనే అసలైన పోలిక కుదురుతుంది.

తేడా ఎక్కడ పుడుతుందో తెలుసుకోండి

ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌళ్ళ శక్తి ఉంటే, ఒక లీటరు డీజిల్‌లో సుమారు 36 ఉంటుంది. డీజిల్ చిక్కనిది, లీటరుకు బరువెక్కువ. లీటరుకు శక్తి ఎక్కువ ఉండడానికి ముఖ్య కారణం అదే. పైగా మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్న పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ లీటరుకు 21 మెగాజౌళ్ళే ఇస్తుంది కనుక, ఆ మిశ్రమం శక్తి లీటరుకు 30కి దగ్గరగా పడిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో అచ్చయిన ఇంజన్ పట్టికలను చూసేటప్పుడు ఈ విషయం మరచిపోకండి. ఆ పట్టికలోని పెట్రోల్ అంకెకు ఇక్కడ మరో 6, 7 శాతం కలుపుకోవలసి ఉంటుంది.

అంతకంటే పెద్ద కారణం ఇంజన్ లోపల ఉంది. పెట్రోల్ ఇంజన్ గాలిని మామూలుగా 9, 10 రెట్లు నొక్కితే, డీజిల్ ఇంజన్ 16 నుంచి 20 రెట్ల దాకా నొక్కుతుంది. ఎక్కువ నొక్కిన గాలిలో మండిన ఇంధనం ఎక్కువ పని చేస్తుంది. ఇక మీరు థ్రాటిల్ (ఇంజన్ వేగాన్ని పెంచి తగ్గించే మీట) తగ్గించినప్పుడు పెట్రోల్ ఇంజన్‌లో గాలి దారి ఇరుకైపోతుంది. ఆ సన్నని సందులోంచి గాలిని లాక్కోవడానికే ఇంజన్ కొంత శక్తిని ఖర్చు చేస్తుంది. డీజిల్ ఇంజన్‌లో గాలికి అడ్డు ఉండదు, తగ్గేది ఇంధనం మాత్రమే. అందువల్ల తక్కువ భారం మీద నడిచినప్పుడు శాతాల్లో ఈ రెండింటి మధ్య ఎడం ఇంకా పెరుగుతుంది. ఇది చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే సంగతి.

పాత కార్బ్యురేటర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డు (పడవ వెనుక బయట తగిలించే) మోటార్లను ఈ పోలికలోకి తీసుకురాకండి. వాటిలో పోసిన ఇంధనంలో పాతిక శాతం దాకా మండకుండానే పొగగొట్టం దారి పడుతుంది. పోల్చదలచుకుంటే ఫోర్ స్ట్రోక్ ఇంజెక్షన్ ఇంజన్‌తోనే పోల్చండి.

కాగితం మీద ఒక అంచనా

నీటిలోకి దిగకముందే ఒక అంచనా వేసుకోండి. మధ్యస్థ భారంలో ఒక హార్స్‌పవర్‌ను ఒక గంట పాటు తీయడానికి డీజిల్ ఇంజన్‌కు సుమారు 0.22 లీటరు, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో పెట్రోల్ ఇంజన్‌కు సుమారు 0.33 లీటరు పడుతుందని తీసుకోవచ్చు. ఉదాహరణకు మీ పడవ 18 నాట్ల వేగంతో పోవడానికి 120 హార్స్‌పవర్ కావాలనుకుందాం. పెట్రోల్ గంటకు 39.6 లీటర్లు, అంటే మైలుకు 2.2 లీటర్లు. డీజిల్ గంటకు 26.4 లీటర్లు, మైలుకు 1.47 లీటర్లు. లీటరు పెట్రోల్ 100 రూపాయలు, డీజిల్ 92 రూపాయలు అనుకుంటే మైలుకు 220 రూపాయలు, 135 రూపాయలు అవుతాయి. ఈ ధరల స్థానంలో మీ బంకులోని ఆ నాటి ధరలు వేసుకోండి.

ఇప్పుడు అదే పడవను 6 నాట్లకు దించండి. నీటి మట్టం వద్ద పడవ పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పడవ నీటిని తోసుకుంటూ సులువుగా పోగల గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. నీటి మట్టం వద్ద 25 అడుగులుంటే అది 6.7 నాట్లు. దానికి లోబడి నడిపినంతసేపూ 15 హార్స్‌పవర్ చాలు. ఇంత తక్కువ భారంలో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు పెట్రోల్ ఇంజన్ 0.4 లీటరు దాకా, డీజిల్ 0.24 లీటరు దాకా తీసుకుంటాయనుకుంటే గంటకు 6 లీటర్లు, 3.6 లీటర్లు అవుతాయి. మా పడవల్లో మేము చివరికి కొలిచి తేల్చుకున్నవి సరిగ్గా ఈ అంకెలే.

పరీక్షకు ముందు పడవలను సమానం చేయండి

మన ఉప్పునీటిలో పడవ ఒక్క నెల కదలకుండా ఉంటే చాలు, అడుగున నాచు, గుల్లలు పట్టేస్తాయి. ప్రొపెల్లర్ రెక్కల మీద పట్టిన గుల్లలు అంతకంటే ఎక్కువ హాని చేస్తాయి. కాబట్టి పరీక్షకు ముందు రెండు పడవల అడుగులనూ గీకించి శుభ్రం చేయించండి. చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో పడవను ఒడ్డుకు లాగి ఈ పని చేసే మనుషులు దొరుకుతారు. వారు ప్రొపెల్లర్‌ను తట్టి శబ్దం విని, రెక్క వంగిందో లేదో కూడా చెబుతారు.

తరువాత పూర్తి థ్రాటిల్ మీద ఇంజన్ తన తయారీదారు చెప్పిన గరిష్ఠ ఆర్‌పీఎంను (నిమిషానికి తిరిగే చుట్లను) అందుకుంటోందో లేదో చూడండి. అందుకోలేకపోతే ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువైందని, లేదా పడవ బరువెక్కిందని అర్థం. అలాంటి ఇంజన్‌తో చేసిన పరీక్ష ఇంజన్ గురించి ఏమీ చెప్పదు, ముఖ్యంగా డీజిల్ ఇంజన్ ఆ స్థితిలో ఎక్కువ కాలం నడిస్తే పాడవుతుంది. చివరగా రెండు పడవల్లోనూ మనుషుల సంఖ్య, నీళ్ళు, సామాను, ట్యాంకులో ఇంధనం దాదాపు సమానంగా ఉండాలి. డీజిల్ ఇంజన్ తన సొంత బరువుతో వస్తుంది, దాన్ని మాత్రం సమానం చేయడానికి ప్రయత్నించకండి. ఆ అదనపు బరువును మోయడం కూడా దాని ఖర్చులో భాగమే.

కొలవడం

కొలత కోసం తెల్లవారుజామునే బయలుదేరండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి, అలలు పెరిగి, అంకెలన్నీ చెదిరిపోతాయి. హార్బర్ అనుమతులు ముందు రోజే తీసుకోండి. లైఫ్ జాకెట్లు, రేడియో లేకుండా కదలకండి. పెట్రోల్ ఇన్‌బోర్డు (పడవ లోపల అమర్చిన) ఇంజన్ అయితే స్టార్టు చేయడానికి ముందు ఇంజన్ గది బ్లోయరును (లోపలి గాలిని బయటకు తోసే ఫ్యానును) కనీసం 4 నిమిషాలు నడపండి, మూత తెరిచి వాసన చూడండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది, అది పడవ అడుగున చేరి కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు.

చెన్నైలో ఉన్నవారికి ఒక వెసులుబాటు ఉంది. మన తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. తీరానికి దూరంగా, లోతైన నీటిలో, నేరుగా ఉత్తరానికి గానీ దక్షిణానికి గానీ పడవను పట్టండి. జీపీఎస్ తెర మీద అక్షాంశం ఒక నిమిషం మారితే మీరు ఒక నాటికల్ మైలు ప్రయాణించినట్లే. మెరీనా లైట్‌హౌస్ ఎదురుగా మొదలుపెట్టి దక్షిణంగా ఐదు మైళ్ళు పోతే నీలాంకరై దాపుకు చేరుతారు, ఆ దూరం చాలు.

ఒకే ఆర్‌పీఎం వద్ద ముందు దక్షిణంగా, వెంటనే ఉత్తరంగా నడపండి. ఇక్కడ నేను చేసిన తప్పే కాక మరో తప్పు కూడా సులువుగా జరుగుతుంది. రెండు వైపులా సమాన దూరం కాదు, సమాన కాలం నడపాలి. ఒక నాట్ ప్రవాహంలో 7 నాట్లు, 5 నాట్లు నమోదైతే, సమాన కాలాల సగటు 6 నాట్లు, అదే అసలు వేగం. సమాన దూరం నడిపితే ఎదురు ప్రవాహంలో ఎక్కువసేపు గడుపుతారు కనుక సగటు 5.83కు పడిపోతుంది. పదిహేను నిమిషాలు అటు, పదిహేను నిమిషాలు ఇటు నడిపితే సరిపోతుంది.

ఇంధనాన్ని కొలవడమే అన్నిటికంటే కష్టం. డ్యాష్‌బోర్డు మీద ముల్లును అసలు నమ్మకండి. 6 నాట్ల వద్ద అరగంటలో డీజిల్ ఇంజన్ తాగేది 1.8 లీటర్లే, అంత చిన్న మార్పుకు ఆ ముల్లు కదలనైనా కదలదు. ఇంజన్ కంప్యూటరు చూపే గంటకు లీటర్ల అంకె మంచిదే అయినా, దాన్ని కూడా ఒకసారి సొంత కొలతతో సరిచూసుకోవాలి. బయట నుంచి ఫ్లో మీటరు (పైపులో పారే ఇంధనాన్ని కొలిచే పరికరం) బిగిస్తే డీజిల్ ఇంజన్‌కు అలాంటివి రెండు కావాలి. పంపు లాక్కున్న డీజిల్‌లో ఎక్కువ భాగం మండకుండా రిటర్న్ పైపు గుండా ట్యాంకుకు తిరిగి వస్తుంది. వెళ్ళిన దానిలోంచి తిరిగి వచ్చిన దాన్ని తీసివేస్తేనే ఖర్చయినది తెలుస్తుంది. ఈ సంగతి తెలియక ఒకే మీటరు బిగించి, డీజిల్ ఇంజనే ఎక్కువ తాగుతోందని వాపోయిన వారిని చూశాను.

మేము రెండవసారి పరీక్ష చేసినప్పుడు తూకాన్ని నమ్ముకున్నాము. బావగారి పడవలో 20 లీటర్ల డబ్బా ఒకటి డెక్ మీద కట్టి, ఇంజన్ లాక్కునే పైపునూ, రిటర్న్ పైపునూ రెండింటినీ అందులోనే వేశాము. బయలుదేరే ముందు మా మేనల్లుడు ఆ డబ్బాను ఇంట్లో బియ్యం తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాడు: 17.4 కిలోలు. పదిహేను నిమిషాలు అటు, పదిహేను నిమిషాలు ఇటు నడిపి, జెట్టీ దగ్గర కాటాను సమంగా ఉన్న రాయి మీద పెట్టి, మూతికి పట్టిన తడిని గుడ్డతో తుడిచి, మళ్ళీ తూస్తే 15.9 కిలోలు. ఒకటిన్నర కిలో. డీజిల్ లీటరు 0.83 కిలో కాబట్టి 1.8 లీటర్లు, గంటకు 3.6. పిల్లవాడు ఆ అంకెను నోటుపుస్తకంలో రాసి, కింద రెండు గీతలు గీశాడు. ఈ పద్ధతి తరువాత డీజిల్ పైపుల్లో గాలి తీయించడం మరచిపోకండి.

పెట్రోల్‌తో ఇలాంటి పని చేయవద్దు. అవుట్‌బోర్డు మోటారుకు దాని సొంత పోర్టబుల్ ట్యాంకు బయట డెక్ మీద ఉంటే, దాన్ని మూసి ఉంచి తూచవచ్చు. ఇన్‌బోర్డు పెట్రోల్ ఇంజన్‌కు మాత్రం ఫ్లో మీటరే వాడండి. వేగంగా నడిపే పరీక్షలకు డబ్బా చాలకపోవచ్చు. అప్పుడు ట్యాంకు మెడలో ఒక గుర్తు దాకా నింపి, రెండు గంటలు నడిపి, అదే జెట్టీలో, పడవ అదే వాలులో ఉన్నప్పుడు మళ్ళీ అదే గుర్తు దాకా నింపి, పట్టిన లీటర్లను రాసుకోండి.

ఒక వేగం వద్ద కొలిచి ఆపకండి. పెట్రోల్ ఇంజన్‌కు 500 ఆర్‌పీఎం చొప్పున, డీజిల్‌కు 200, 300 చొప్పున పెంచుతూ మెట్టు మెట్టుకూ వేగం, లీటర్లు రాసుకుని, మైలుకు లీటర్ల గీత గీయండి. ముక్కు పైకి లేచి, వెనుక భాగం కుంగి, పడవ తన అలను తానే ఎక్కలేక గింజుకునే వేగాలు కొన్ని ఉంటాయి. 28 అడుగుల పడవలో అవి సుమారు 8 నుంచి 13 నాట్ల మధ్య కనబడతాయి. అక్కడ ఏ ఇంజన్ అయినా మైలుకు ఎక్కువే తాగుతుంది. గీతలో గుట్టలా కనబడే ఆ వేగాలకు కింద గానీ పైన గానీ నడపాలి తప్ప వాటి మధ్య కాదు.

ఏడాది లెక్క

మైలుకు రూపాయల తేడా తెలిశాక, మీరు ఏడాదికి ఎన్ని గంటలు, ఏ వేగంతో నడుపుతారో నిజాయితీగా రాసుకోండి. కొత్తగా పడవ కొన్న ఉత్సాహంలో ఎవరైనా వందల గంటలు రాసేస్తారు. ఉన్నవారైతే ఇంజన్ మీద గంటల మీటరు చూసి రాయండి. 18 నాట్లతో ఏటా 100 గంటలు తిరిగితే 1800 మైళ్ళు, మైలుకు 85 రూపాయల చొప్పున డీజిల్ మిగిల్చేది 1,53,000 రూపాయలు. డీజిల్ ఇంజన్‌కు 12 లక్షలు ఎక్కువ పెట్టవలసి వస్తే ఎనిమిదేళ్ళలోపు ఆ సొమ్ము తిరిగి వస్తుంది. ఏటా 30 గంటలే తిరిగేవారికి అదే సొమ్ము తిరిగి రావడానికి 26 ఏళ్ళు పడుతుంది. ఇక 6 నాట్లతో నిదానంగా 100 గంటలు తిరిగేవారి సంగతి చూడండి. పెట్రోల్ ఇంజన్ డీజిల్‌కు ఒకటిన్నర రెట్లకు పైగా తాగుతున్నా, ఏడాదికి తేడా 600 మైళ్ళకు 27,000 రూపాయలే. శాతం ఎక్కువగా ఉన్నచోట రూపాయలు తక్కువగా, శాతం తక్కువగా ఉన్నచోట రూపాయలు ఎక్కువగా ఉండవచ్చునన్నది ఈ విషయం మొత్తంలో నేను అన్నిటికంటే ఆలస్యంగా గ్రహించిన సంగతి. నిదానంగా, అప్పుడప్పుడు తిరిగేవారికి ఇంధనం ఆదా కోసమే డీజిల్ కొనమని నేను చెప్పను. భద్రత కోసం, నిప్పు భయం తగ్గించుకోవడం కోసం కొంటే అది వేరే మాట, ఆ నిర్ణయాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను.

ఎక్కువ రోజులు పడవ కదలకుండా ఉంటే రెండు ఇంధనాలకూ ఇక్కడి తేమ శత్రువే. ఇథనాల్ కలిసిన పెట్రోల్ నీటిని పీల్చుకుని, ఒక హద్దు దాటాక ఆ నీరు ఇథనాల్‌తో సహా విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. ఇంజన్ పైపు ఉండేదీ అక్కడే. డీజిల్‌లో నీరు చేరితే ఆ రెండింటి సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు ఫిల్టర్లను మూసేస్తుంది. నీటిని వేరుచేసే ఫిల్టరు రెండింటికీ తప్పనిసరి.

చివరి మెట్టు, మీరు తేల్చిన అంకెతో ఎంత దూరం పోగలరో లెక్క కట్టడం. ట్యాంకులో మూడింట ఒక వంతు వెళ్ళడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు ఆపదకు అన్నది పాత నియమం. చెన్నై నుంచి పుదుచ్చేరి సముద్ర మార్గంలో సుమారు 75 నాటికల్ మైళ్ళు. మా పడవలకు 200 లీటర్ల ట్యాంకులు ఉన్నాయి, అంటే ఆపద వంతు పోను వాడుకోదగినది 133 లీటర్లు. 18 నాట్లతో బావగారి డీజిల్ పడవకు ఆ దూరానికి 110 లీటర్లు పడుతుంది కనుక ఆయన వెళ్ళవచ్చు, అక్కడ నింపుకుని తిరిగి రావచ్చు. నా పెట్రోల్ పడవకు 165 లీటర్లు కావాలి, కాబట్టి ఆ వేగంతో నేను బయలుదేరకూడదు. 6 నాట్లకు దిగితే 75 లీటర్లతో, పన్నెండున్నర గంటల్లో నేనూ చేరగలను.